మంచం కదలదు, ఒళ్ళు మాత్రం అదురుతుంది: నిద్రలో వచ్చే ఆ వణుకు సంగతేంటి?

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఛాతీలో, వెన్నులో, తొడల్లో సన్నగా మోటారు నడుస్తున్నట్టు ఒకటే అదురు. లైటు వేసి చెయ్యి చాచి చూసుకుంటే వేళ్ళు నిలకడగానే ఉంటాయి. పక్కనున్న మనిషిని లేపి "నేను వణుకుతున్నానా, కాస్త చూడు" అంటే భుజం మీద చెయ్యి వేసి చూసి, "ఏం లేదు, పడుకో" అని అటు తిరిగి పడుకుంటారు. ఇక నిద్ర ఎక్కడిది, ఫోను చేతిలోకి వస్తుంది. వెతికితే ఒకవైపు పార్కిన్సన్స్ జబ్బు, ఇంకోవైపు ఆత్మ శరీరాన్ని వదిలి బయల్దేరే ముందు వచ్చే ప్రకంపనలు, మధ్యలో ఇంకేమీ లేనట్టే కనిపిస్తుంది.

అసలు సంగతంతా ఉన్నది ఆ మధ్యలోనే. ఇది ఒక జబ్బు పేరు కాదు. పూర్తిగా వేర్వేరు చోట్ల పుట్టే అరడజను విషయాలు మనకు ఇదే అదురుగా తెలుస్తాయి. అందుకే డాక్టరు దగ్గరికెళ్ళి "రాత్రిళ్ళు ఒళ్ళు అదురుతోందండీ" అని అంతటితో ఆపేస్తే ఆయనకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు, రెండు రక్తపరీక్షలు రాసి, టెన్షన్ తగ్గించుకోమని పంపేస్తారు. అదురు ఎంత గట్టిగా ఉంది, ఎంత భయమేసింది అన్నవి కారణం గురించి దాదాపు ఏమీ చెప్పవు. చెప్పేవి ముఖ్యంగా రెండే: అది నిద్ర ఏ అంచున వచ్చింది, ఒళ్ళు కదిపితే ఏమైంది. మిగతా వ్యాసమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ముందు నిద్రలోకి జారే అంచు. మెదడంతా ఒకేసారి నిద్రపోతుందనుకుంటాం గానీ అలా జరగదు. ఒంటి నుంచి వచ్చే స్పర్శ, చప్పుడు, వెలుగు, ఇవన్నీ మెదడు నడిమధ్యనున్న థాలమస్ అనే భాగం గుండానే పైపొర అయిన కార్టెక్స్‌కు చేరతాయి. మూర్ఛ చికిత్సలో భాగంగా మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న రోగులు నిద్రపోతున్నప్పుడు ఏం జరుగుతుందో ఫ్రాన్స్ పరిశోధకులు నమోదు చేసి 2010లో ప్రచురించారు: థాలమస్ ముందు సద్దుమణుగుతుంది, కార్టెక్స్ ఆ తర్వాత కొన్ని నిమిషాలకు గానీ సద్దుమణగదు. అంటే ఆ కాసేపూ ఒంటి నుంచి వచ్చే సమాచారం తగ్గిపోతుంది, దాన్ని అందుకుని అర్థం చెప్పుకునే భాగం మాత్రం ఇంకా మేలుకునే ఉంటుంది. మగతలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపించడం, కళ్ళ ముందు రంగులు, మెట్టు తప్పి పడిపోతున్నట్టు ఉలిక్కిపడడం, ఒళ్ళంతా ఒక్కసారి జివ్వుమనడం, అన్నీ ఈ వేళలోనివే. ఉలికిపాటు సంగతి అయితే మరీ మామూలు, నూటికి అరవై డెబ్భై మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఈ ఉలికిపాటుకు కొంచెం భయపెట్టే బంధువు ఒకటుంది. నిద్ర పడుతుండగా తలలో ఏదో పేలినంత చప్పుడు, కొందరికి దాంతోపాటు మెరుపు, ఒళ్ళంతా కరెంటు పాకినట్టు ఒక అల. నొప్పి ఉండదు, గుండె మాత్రం దడదడలాడుతుంది. అమెరికా నరాల వైద్యుడు సైలస్ వియర్ మిచెల్ 1876లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు (కాలు తీసేశాక కూడా ఆ కాలు ఉన్నట్టే అనిపించే అనుభూతికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టింది కూడా ఈయనే). 1980ల చివర్లో దీనికి ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. పేరు వింటే గుండె ఆగుతుంది గానీ దీనివల్ల మెదడుకు జరిగే హాని ఏమీ లేదు. అది ప్రమాదకరం కాదని నమ్మకంగా చెప్పగానే చాలామందిలో రావడం తగ్గుతుందని వైద్యులు గమనించారు.

ఇక రెండో అంచు, నిద్రలోంచి మెలకువలోకి వచ్చేది. అదురు గురించి ఎక్కువ భయాలూ ఎక్కువ కథలూ ఇక్కడే పుట్టాయి కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం.

కలలు బాగా వచ్చే నిద్రదశను రెమ్ అంటారు, దాన్ని 1953లో ఆసెరిన్స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. ఆ దశలో కళ్ళు, ఊపిరి తీసుకునే కండరాలు తప్ప ఒంట్లోని కండరాలు దాదాపు అన్నీ సడలిపోతాయి. ఊరికే సడలడం కాదు, మెదడు కాండం నుంచి వెళ్ళే ఆదేశాల వల్ల వెన్నుపాములోని నరాల దగ్గర గ్లైసిన్, గాబా అనే రసాయనాలు విడుదలై కదలికను పనిగట్టుకుని ఆపేస్తాయి. లేకపోతే కలలో పరిగెడితే మంచం మీద కూడా పరిగెడతాం. మామూలుగా మెలకువ రావడం, ఈ బిగింపు వదలడం ఒకేసారి జరుగుతాయి. అప్పుడప్పుడు మెలకువ ముందొచ్చేస్తుంది. కళ్ళు తెరుచుకుంటాయి, గది కనిపిస్తుంది, ఒళ్ళు మాత్రం మాట వినదు. ఇదే స్లీప్ పెరాలిసిస్. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది, ఉన్నంతసేపూ యుగంలా ఉంటుంది.

ఈ స్థితిలో వచ్చే అనుభూతులను కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ చేన్, ఆయన సహచరులు మూడు గుంపులుగా విడదీశారు. గదిలో ఎవరో ఉన్నారన్న భయం ఒకటి. గుండెల మీద బరువు, ఊపిరాడకపోవడం రెండోది. మూడోది తేలిపోతున్నట్టు, గిర్రున తిరుగుతున్నట్టు, ఒంట్లోంచి బయటికి లాగేస్తున్నట్టు ఉండడం. ఒళ్ళంతా అదరడం, చెవుల్లో హోరు కూడా ఈ స్థితిలో తరచూ చెప్పేవే. కదలమని మెదడు ఆదేశం ఇస్తూనే ఉంటుంది, కదిలాను అన్న జవాబు కండరాల నుంచి రాదు. లోపలి చెవి నుంచి వచ్చే తూకం సమాచారం, కలలోని చలనం, నిజంగా కదలకుండా పడున్న ఒళ్ళు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. పొసగని సమాచారంతో కూడా మెదడు ఏదో ఒక బొమ్మ తయారుచేసి తీరుతుంది, ఆ బొమ్మలో ఒకటి ఈ అదురు.

ఆత్మ బయటికి వెళ్ళడం అనే వాదన ఇక్కడే మొదలవుతుంది. అలా అనుభవమైన వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననను, అనుభూతి ముమ్మాటికీ నిజమైనదే. కానీ 2002లో స్విట్జర్లాండ్‌లో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛ రోగి ఒకామె మెదడులో కుడివైపున యాంగ్యులర్ గైరస్ అనే చోట సన్నని విద్యుత్తు పంపిస్తే, ఆమెకు తాను పైకి తేలి మంచం మీదున్న తన ఒంటిని కిందికి చూస్తున్నట్టు అనిపించింది. విద్యుత్తు ఎక్కడ ఇస్తున్నారు, ఎంత ఇస్తున్నారు అన్నదాన్ని బట్టి అనుభూతి మారింది. మన ఒళ్ళు ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అన్న లెక్క మెదడు క్షణక్షణం వేసుకునేదే, ఆ లెక్క తప్పినప్పుడు ఇలాగే ఉంటుంది. అది చాలదు, ఇంకేదో ఉందనుకునేవాళ్ళు అనుకోవచ్చు, కాకపోతే అదురు వచ్చినంత మాత్రాన ఏదో శక్తి మేల్కొందని డబ్బు కట్టి కోర్సుల్లో చేరడం మాత్రం నా దృష్టిలో తొందరపాటు.

ఎంతమందికి వస్తుంది? 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే ఇద్దరు 35 అధ్యయనాలను కలిపి లెక్కగడితే మామూలు జనంలో 7.6 శాతం మందికి, విద్యార్థుల్లో 28.3 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా స్లీప్ పెరాలిసిస్ వచ్చిందని తేలింది. విద్యార్థుల్లో అంత ఎక్కువ ఎందుకన్నదానికి నిద్ర మానుకుని చదవడం, వేళాపాళా లేకుండా పడుకోవడం పెద్ద అనుమానితులు. నైట్ షిఫ్టులు, విమాన ప్రయాణాలు, వెల్లకిలా పడుకోవడం కూడా దీన్ని పెంచుతాయి. వచ్చినప్పుడు మొత్తం ఒంటిని ఒక్కసారిగా లేపాలని పెనుగులాడితే భయం పెరుగుతుంది. చాలామందికి పనికొచ్చే పద్ధతి ఒక్క బొటనవేలు కదపడానికో, ఊపిరిని నెమ్మదిగా వదలడానికో ప్రయత్నించడం. ఏ కొంచెం కదిలినా బిగింపు తెగిపోతుంది, అదురు కూడా దాంతోపాటే పోతుంది. కదలగానే పూర్తిగా ఆగిపోయిన అదురు చాలావరకు నిద్ర అంచులకు చెందినదే అనుకోవచ్చు.

మరి లేచి కూర్చున్నా, నీళ్ళు తాగినా, పది నిమిషాలైనా ఆగని అదురు సంగతి? ఇక్కడ ముందు చెప్పుకోవలసింది గుండె. పడుకున్న ఒళ్ళు నిజంగానే కదులుతుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా. 1877లో గోర్డన్ అనే ఆయన స్ప్రింగు త్రాసు మీద కదలకుండా నిలబడ్డ మనిషి బరువు చూస్తుంటే ముల్లు గుండె లయతో పాటు అటూ ఇటూ ఊగడం గమనించాడు. రక్తం ఒక్క ఉదుటున బృహద్ధమనిలోకి దూసుకెళ్ళేసరికి ఒళ్ళు వెనక్కి చిన్న తోపు తింటుంది. ఆ కదలికను నమోదు చేసే పద్ధతిని 1930ల చివర్లో ఐజాక్ స్టార్ అనే వైద్యుడు అభివృద్ధి చేశాడు, దాని పేరు బాలిస్టోకార్డియోగ్రఫీ. పరుపు కింద పెట్టి గుండె వేగం చెప్పే ఇప్పటి సెన్సర్లు చాలావరకు ఇదే సూత్రం మీద నడుస్తాయి. పగలంతా ఇది మనకు తెలియదు. నిశ్శబ్దమైన గదిలో, మెత్తటి స్ప్రింగు పరుపు మీద, ఎడమ పక్కకు తిరిగి, అందులోనూ ఏదో ఆందోళనతో పడుకుంటే తెలుస్తుంది. తేల్చుకోవడం సులభం: మణికట్టు దగ్గర నాడి మీద వేళ్ళు పెట్టి చూడండి. అదురు నాడితో అడుగు కలిపి వస్తుంటే అది మీ గుండె చప్పుడే. నాడి కన్నా చాలా వేగంగా, సన్నగా ఉంటే వేరే సంగతి.

ఆ సన్నటి వణుకు కూడా అందరిలోనూ కొంత ఉండేదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతులు సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి ఆనని స్థాయిలో వణుకుతూనే ఉంటాయి. అడ్రినలిన్ పెరిగితే ఈ వణుకూ పెరుగుతుంది. అర్ధరాత్రి అడ్రినలిన్ ఎందుకు పెరుగుతుందన్నదానికి జవాబులు చాలా ఉన్నాయి. పీడకల కావచ్చు. పానిక్ అటాక్ కావచ్చు, అది నిద్రలోనూ వస్తుంది, అదీ కల లేని నిద్రలో, తేలిక నిద్ర నుంచి గాఢనిద్రకు జారే వేళలో, అందుకే ఏ కలా గుర్తుండదు, ఏ కారణమూ తోచదు. గురక పెట్టి ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియా కావచ్చు, ఊపిరి ఆగినప్పుడల్లా ఒళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది. ఇన్సులిన్‌గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలుగానీ వాడేవాళ్ళకు రాత్రి షుగర్ 70 కన్నా కిందికి పడిపోయి చెమట, వణుకు, దడ రావచ్చు. వీళ్ళు అదురుతో లేచినప్పుడు మొదట చేయవలసిన పని గ్లూకోమీటర్ తీసి చూసుకోవడం, మిగతా ఆలోచనలన్నీ తర్వాత. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తుంటే రాత్రే కాదు, పగలు కూడా చేతులు సన్నగా వణుకుతాయి, తిండి బాగానే ఉన్నా బరువు తగ్గుతారు, వేడి తట్టుకోలేరు.

మందుల సంగతి చాలామంది డాక్టరుకు చెప్పడం మరిచిపోతారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ వణుకు తెస్తుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ఒక్కసారిగా ఆపేస్తే తలలో, ఒంట్లో కరెంటు కొట్టినట్టు వస్తుంది. రోజూ తాగే మద్యం, చాలాకాలంగా వేసుకుంటున్న నిద్రమాత్రలు హఠాత్తుగా మానేసినా వణుకు వస్తుంది, ఇది మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు, అందుకే అలాంటివి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. కాఫీ సంగతి తెలిసిందే, అయినా ఒక మాట: తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి పదకొండుకి కూడా సగం పనిలోనే ఉంటుంది.

అదురు కాళ్ళకే పరిమితమైతే లెక్క మారుతుంది. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు, కదిపితే హాయి, ఆపితే మళ్ళీ మొదలు, సాయంత్రం నుంచి రాత్రికి పెరగడం. ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్, 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ రాసి వదిలేసినదాన్ని 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. దీనికి మెదడులో ఇనుము తగ్గడానికి సంబంధం ఉంది. గమ్మత్తేమిటంటే హిమోగ్లోబిన్ బాగానే ఉండి కూడా ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు, అందుకే ఫెరిటిన్ అనే పరీక్ష అడగాలి. మామూలుగా ల్యాబులు "నార్మల్" అని రాసే అంకెలు కూడా ఇక్కడ చాలవు, ఫెరిటిన్ 75 లోపు ఉంటే ఇనుము ఇచ్చి చూడమని నిపుణులు అంటారు. ఇంకో సంగతి, మగత తెచ్చే జలుబు మాత్రలు ఈ కాళ్ళ బాధను పెంచుతాయి. నిద్ర పట్టడం లేదని అవే వేసుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ఇప్పుడు అందరూ భయపడే పార్కిన్సన్స్. లోపలి వణుకు అన్న ఫిర్యాదు ఆ జబ్బులో నిజంగానే ఉంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలోనూ మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళలోనూ మూడో వంతు మంది, ఎసెన్షియల్ ట్రెమర్ అనే చేతుల వణుకు జబ్బు ఉన్నవాళ్ళలో సగానికి పైగా తమకు పైకి కనిపించని వణుకు ఉందన్నారు. ఈ లెక్కను తిరగేసి చదవడమే అనర్థానికి మూలం. ఆ జబ్బులున్న వాళ్ళలో లోపలి వణుకు చాలామందికి ఉంది అంటే, లోపలి వణుకు ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ జబ్బులున్నాయని కాదు. పైగా పార్కిన్సన్స్ వణుకు పగటిపూట చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు సెకనుకు 4 నుంచి 6 సార్లు కంటికి కనిపించేలా వస్తుంది, నిద్రలో చాలావరకు మాయమవుతుంది. రాత్రి మాత్రమే, అదీ లోపల మాత్రమే ఉండి, పగలు నడక, చేతిరాత, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఎప్పటిలాగే ఉంటే ఆ జబ్బు వైపు మొగ్గు చూపడానికి పెద్దగా ఏమీ లేదు. కోవిడ్ తర్వాత నెలల తరబడి ఇబ్బంది పడుతున్నవాళ్ళలో కూడా లోపలి అదురు ఉందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నమోదు చేశారు. కాబట్టి ఎప్పుడు మొదలైందో, అంతకు ముందు జ్వరమేమైనా వచ్చిందో గుర్తుచేసుకోవడం మంచిది.

అన్నట్టు, కొన్నిసార్లు నిజంగా మంచమే అదురుతుంది. గోడ అవతల మోటారు, కింది అంతస్తులో కంప్రెసరు, దూరాన నడిచే భారీ యంత్రం చెవికి వినపడని స్థాయిలో కూడా ఒంటికి తెలుస్తాయి. మంచం పక్క బల్ల మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టి టార్చి వేసి చూడండి, నీటి మీద సన్నటి అలలు కనిపిస్తే సంగతి తేలినట్టే. కనిపించకపోయినా ఓ రాత్రి వేరే చోట పడుకుని చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. అదురు తర్వాత నాలుక కొరుక్కుని ఉండడం, పక్క తడవడం, కాసేపు ఎక్కడున్నానో తెలియకపోవడం, లేదా ప్రతిసారీ అచ్చం ఒకేలా ఒకే వైపు మొదలై అదే క్రమంలో నడవడం మూర్ఛను సూచిస్తాయి. ఒక చెయ్యో కాలో బలహీనపడడం, మెడ వంచగానే వెన్నులోకి కరెంటు పాకడం, కాళ్ళలో స్పర్శ తగ్గడం ఉంటే నరాల డాక్టరును కలవాలి. దీర్ఘకాలం మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్ళలో బీ12 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతినే అవకాశం ఉంది, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. యాభై దాటాక కలలో తన్నడం, అరవడం, మంచం మీంచి దూకడం కొత్తగా మొదలైతే అది వేరే విషయం, దాన్ని తప్పకుండా నిద్ర నిపుణులకు చూపించాలి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే నోట్సు రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మిగతావాళ్ళకు మాత్రం నోట్సే మేలు. వచ్చిన టైము, అప్పుడే పడుకున్నారా కలలోంచి లేచారా, కదిలితే ఆగిందా, నాడి ఎంతుంది, ఆ రోజు వేసుకున్న మందులు, కాఫీ ఎన్నింటికి, ముందు రోజు ఎంత నిద్రపోయారు. పక్కనున్నవాళ్ళు ఓ నిమిషం వీడియో తీసిపెడితే ఇంకా మంచిది, అందులో ఏ కదలికా లేకపోయినా సరే, డాక్టరుకు అదీ సమాచారమే. థైరాయిడ్, షుగర్, ఫెరిటిన్, బీ12 పరీక్షలతో మొదలుపెట్టడం సాధారణంగా సరిపోతుంది. మెదడు ఎంఆర్ఐ, రాత్రంతా వైర్లు పెట్టి చేసే నిద్రపరీక్ష మీరై అడిగి చేయించుకోవలసినవి కావు. ఆ నిద్రపరీక్ష ఊపిరి ఆగడాన్ని, కాళ్ళ విసుర్లను, ఫిట్స్ అనుమానాన్ని తేల్చడానికి బాగా పనికొస్తుంది గానీ, లోపల మాత్రమే తెలిసే అదురును నమోదు చేసే తీగ అందులో ఏదీ ఉండదు. అందుకే రిపోర్టు శుభ్రంగా వచ్చినప్పుడు కూడా డాక్టరు మళ్ళీ మీ నోట్సే అడుగుతారు.